అవిసె జిగురు

మోచేతుల దాకా ముద్దలో మునిగి ఉన్న చేతుల్లో ఒకటి పైకి తీసి, అతను గుప్పెడు పట్టి పిసికాడు. వేళ్ళు విప్పి చూశాడు. నాలుగు వేళ్ళ అచ్చూ దిగింది కాని, అంచున సన్నటి పగులు కనిపించింది. ఇంకా చాలదు. నానబెట్టిన రొట్టె ముక్కలు రెండు దోసిళ్ళు తీసి, గట్టిగా నీళ్ళు పిండి, బేసినులో వేసి మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు.

ఫ్యాక్టరీ క్యాంటీనులో బుధవారం కట్లెట్ల రోజు. మధ్యాహ్నం పన్నెండున్నరకి కూత వేసేసరికి ఆరువందల నలభై బిళ్ళలు సిద్ధంగా ఉండాలి, మనిషికి రెండు చొప్పున. తరిగేది ఒకరు, ఉడికించేది ఒకరు, వేయించేది ఒకరు. ముద్ద కలిపేది మాత్రం ఇరవై ఏడేళ్ళుగా అతనే. ఆ పనికి ఒక పేరంటూ లేదు. హాజరు పట్టీలో ‘సహాయకుడు’ అని రాసుకుంటారు. క్యాంటీనులో అందరూ ‘బంకాయన’ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. అతను పలికాడు. అలా అదే పేరైపోయింది.

మనిషి పొట్టి. చేతులు మాత్రం ఒంటికి మించినవి, ఎవరివో తెచ్చి తగిలించినట్టుంటాయి. రోజూ తడిలో నాని వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. సెలవు రోజున కూడా ఆ ముడతలు పూర్తిగా పోవు.

కూరగాయలకి కలిసి ఉండాలన్న కోరిక ఏ కోశానా ఉండదని అతనికి బాగా తెలుసు. క్యారెట్టు నీళ్ళు వదులుతుంది. బీన్సు తొక్కలు దేనికీ అంటవు. బఠాణీ సందు దొరికితే జారిపోతుంది. వాటిని బతిమాలో బామాలో ఒక్కచోట నిలబెట్టాలి. బంగాళాదుంప అయితే నిన్న ఉడికించి చల్లారబెట్టిందే కావాలి. వేడిది సాగుతుందే గాని పట్టదు. రొట్టె రెండు రోజులదైతే మేలు. గుడ్డు గట్టిగా పట్టుకుంటుంది గాని, మోతాదు మించిందంటే బిళ్ళ రబ్బరై కూర్చుంటుంది. మొక్కజొన్న పిండి చూడ్డానికి పెద్దమనిషి. నీళ్ళు తగిలితే గాని దాని గుణం బయటపడదు. ఇవన్నీ అతనికి ఎవరూ నేర్పలేదు, అతనూ ఎవరికీ నేర్పలేదు. నేర్పమని ఎవరూ అడగలేదు మరి.

"ఏం బంకన్నా, మొహం అలా ఉందేం? పన్ను పీకిన చోట ఇంకా సలుపుతోందా?" తరుగుడు బల్ల దగ్గర్నుంచి ఉల్లిపాయలావిడ అడిగింది. ఆవిడకి ఆ పేరు రావడానికి కారణం వేరే చెప్పక్కర్లేదు. రోజంతా కళ్ళు తుడుచుకుంటూ, అందరినీ నవ్విస్తూ ఉంటుంది.

"అబ్బే, అది తగ్గిపోయింది. రేపు పదింటికి నర్సమ్మ వస్తోంది."

ఆవిడ కత్తి ఆపింది. "వదినగారి దగ్గరికేనా? గొట్టం తెస్తుందా?"

"తెస్తుంది. ఇవాళ తినగలిగితే వద్దని చెప్పొచ్చు."

"తింటార్లే అన్నా. మధ్యాహ్నం ఆవిరి గిన్నె నీకోసం ఖాళీగా ఉంచుతాను. ఎవరన్నా ముట్టుకుంటే చెయ్యి తరిగేస్తాను."

నాలుగు నెలల కిందట వదినకి పక్షవాతం వచ్చింది. ఎడమవైపు మొత్తం పడిపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది, నోటి దురుసు అయితే మొదటి వారంలోనే తిరిగొచ్చింది. మింగే శక్తి మాత్రం రాలేదు. ఏం తిన్నా పొలమారేది. ఆస్పత్రి వరండాలో నర్సమ్మ అతన్ని పక్కకి పిలిచి, చేతిలో పెట్టినట్టు చెప్పింది. నీళ్ళలా జారేవి వద్దు. పొడిపొడిగా రాలేవి అసలే వద్దు. ఒక్క పలుకు ఊపిరి గొట్టంలోకి పోయినా ప్రమాదం. నోట్లో ఒకే ముద్దగా ఉండాలి, ఒకే ముద్దగా దిగాలి. దిగాక ఏదో ఒకటి మాట్లాడించాలి. గొంతు గరగరమంటే తప్పు దారిన పోయినట్టు లెక్క.

అది వింటూ అతను దాదాపు సంతోషపడ్డాడు. ఆస్పత్రుల్లో చెప్పే మాటలు అతనికి ఎప్పుడూ అర్థం కాలేదు. అన్నయ్య పోయిన రోజున కూడా డాక్టరు చెప్పినదానికల్లా తలూపాడే గాని ఒక్క ముక్క తలకెక్కలేదు. ఇది అలా కాదు. ముద్ద విడిపోకూడదు, అంతే కదా! ఇది నా పనే, అనుకున్నాడు.

ఆ అనుకోవడమే పొరపాటు. గుడ్డు వేసి చేశాడు. ఆవిడ ఒంటిపక్క దవడకి అది లొంగలేదు. బంగాళాదుంప ఎక్కువ వేశాడు. అంగిటికి అతుక్కుని ఎటూ కదల్లేదు, చివరికి అతనే వేలు పెట్టి తీయాల్సొచ్చింది. మొక్కజొన్న పిండి వేస్తే, "ఎవరి చీమిడిరా ఇది?" అని ఉమ్మేసింది. రొట్టె పొడి వేసి, పెనం మీద ఎర్రగా కాల్చి తీసుకెళ్ళిన రోజైతే తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పైన కాలిన పెచ్చు పెళుసుగా విరిగి నోరంతా చెదిరింది. ఆవిడ దగ్గి దగ్గి పెదాలు నీలంగా మారాయి. ముందు వాటాలో ఉండే కుట్టుపని ఆవిడ పరుగెత్తుకొచ్చి వీపు మీద చరిచింది. అతను చెంచా పట్టుకుని గోడకి ఆనుకుపోయాడు.

దాంతో అంబలి, గంజి, మళ్ళీ అంబలి. ఆవిడకి అవంటే చిన్నప్పట్నుంచీ పడదు. రెండు చెంచాలు మింగి మొహం తిప్పుకునేది. పదకొండు కిలోలు తగ్గింది. కిందటి గురువారం నర్సమ్మ తూకం చూసి, వారంలోగా పూటకి గిన్నెడైనా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదంది.

"ముక్కుతో తినడానికి నేనేమన్నా ఏనుగునా?" అంది వదిన. నర్సమ్మ నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. గొట్టం వేస్తే బతుకుతుందని అతనికి తెలుసు. వేయనివ్వదని కూడా తెలుసు.

వదిన ఆ ఇంటికి వచ్చేనాటికి ఆవిడకి ఇరవై, అతనికి పది. తల్లి లేదు. అన్నయ్య అచ్చాఫీసులో పనికి పోతే, ఆవిడే అతని చొక్కాలకి బొత్తాలు కుట్టింది, ఎక్కాలు అప్పజెప్పించుకుంది, అబద్ధం చెప్పినప్పుడు చెవి మెలిపెట్టింది. పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

అతనికి పెళ్ళి కాలేదు. దాని వెనక పెద్ద కథేం లేదు. ముప్పై అయిదో ఏట క్యాంటీను పక్క లాండ్రీలో ఒకావిడ పనిచేసేది. అతని ఏప్రన్ మీది మరకలు చూసి ఆ రోజు ఏం వండారో చెప్పేసేది. ఏడాదిన్నర పాటు అతను వారానికి రెండుసార్లు ఏప్రన్లు ఇచ్చి తెచ్చుకున్నాడు. అడగాల్సింది అడుగుదామని నోరు తెరిచేలోగా ఆవిడ తన అక్కగారి ఊరు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏప్రన్లు ఇంట్లోనే ఉతుక్కున్నాడు. ఒంటికాయ సొంటికొమ్ములా మిగిలిపోయావని వదిన దెప్పుతూ ఉంటుంది. రెండో అంతస్తులో ఒక గది, ఒక కిటికీ, ఒక కంచం. రేడియో వింటూ భోజనం కానిచ్చేస్తాడు. రేడియో పాడైన వారంలో పక్కగది మొగుడూ పెళ్ళాల పోట్లాట విన్నాడు. వాళ్ళు రాజీపడిన రోజున ఏమీ తోచలేదు.

అన్నయ్య పోయాక ఇద్దరం ఒకచోటే ఉందామని ఒకసారి అడిగాడు. "నీ గురక నేను పడలేను" అంది వదిన. అతను రెండోసారి అడగలేదు. రెండోసారి అడిగి ఉంటే ఒప్పుకునేదేమోనని ఈ నాలుగు నెలల్లో చాలాసార్లు అనుకున్నాడు.

కూత వేశారు. కట్లెట్లు వెళ్ళిపోయాయి. ఆరువందల నలభైలో పెనం మీద విడిపోయినవి మూడే. తినేవాళ్ళెవరూ లోపలికి తొంగిచూసి బాగున్నాయని అనరు. విడిపోతే మాత్రం వస్తారు.

రెండింటికి వంటగది సద్దుమణిగాక, అతను తన సంచీలోంచి చిన్న స్టీలు గిన్నె, పొట్లాలు తీశాడు. అసలు సంగతి శనివారం బయటపడింది. దవడ పన్ను పీకించుకుని, సగం నోరు మొద్దుబారి ఉండగా, ఆకలికి ఆగలేక క్యాంటీనులో మిగిలిన కట్లెట్టు ఒకటి కొరికాడు. కొరికినది ఎటు పోయిందో తెలియలేదు. నాలుకకి అందలేదు. పలుకులు పలుకులుగా చెదిరి, బుగ్గలోకి కొన్ని, గొంతులోకి కొన్ని వెళ్ళి, ఊపిరాడక బల్ల పట్టుకుని దగ్గాడు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఇరవై ఏడేళ్ళుగా తను చూసుకున్నదల్లా పెనం మీద విడిపోకుండా ఉండటమే. నోట్లోకి వెళ్ళాక ఏమవుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. అది తినేవాళ్ళ పళ్ళ పని అనుకున్నాడు. అరవై దగ్గరపడ్డాక, ఒక పన్ను పోతే గాని ఇంత చిన్న విషయం తెలిసిరాలేదు. తన మీద తనకే సిగ్గేసింది.

నోటి మొద్దు వదిలేలోగా, ఆ సాయంత్రమే గదిలో నాలుగు రకాలు చేసి, తనే తిని చూశాడు. అవిసె గింజలు నెగ్గాయి. గుప్పెడు గింజలు నీళ్ళలో ఉడకబెట్టి, వేడి మీదే గుడ్డలో వేసి పిండితే చిక్కటి జిగురు దిగుతుంది. దానికి రుచి లేదు, వాసన లేదు, పట్టు మాత్రం ఉంది. ఆ జిగురుతో కలిపిన ముద్ద అంగిటికి అతుక్కోకుండా, చెదిరిపోకుండా, ఉన్నది ఉన్నట్టు గొంతు దాకా వెళ్ళింది.

ఇప్పుడు అదే చేశాడు. మెత్తగా ఉడికిన క్యారెట్టు, గుమ్మడి, పప్పు కలిపి జల్లెడలో రుద్దాడు. ఓట్స్ పిండి చేసి చారెడు చల్లాడు. జిగురు చెంచా చెంచాగా పోశాడు. కొంచెం వేరే ఉంచుకున్నాడు, తినేముందు పైన రాయడానికి. పెనం వైపు చూశాడు. ఎర్రగా కాలని కట్లెట్టు కట్లెట్టే కాదని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని పక్కన పెట్టి, అయిదు బిళ్ళలు చేసి ఆవిరి గిన్నెలో పెట్టాడు.

"చూడ్డానికి పసిపాప బుగ్గల్లా ఉన్నాయి" అంది ఉల్లిపాయలావిడ. కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల పని ఎప్పుడో అయిపోయింది.

బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆరు స్టాపులు. నాలుగున్నరకి వదిన గదిలో ఉన్నాడు. కిటికీలోంచి ఎండ మంచం కోళ్ళ దాకా వచ్చింది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది, పడిపోకుండా ఎడమవైపు దిండు. మెడ ఎముకలు బయటికి కనిపిస్తున్నాయి. ముందుగదిలో కుట్టు మిషను ఆగి ఆగి కొడుతోంది.

అతను ఆవిడ మెడకి తువ్వాలు చుట్టి, డబ్బా తెరిచి బిళ్ళలు పళ్ళెంలోకి తీశాడు.

"ఇదేంట్రా, కాలనే లేదు. పెనానికి చూపించి తెచ్చావా?"

"కాల్చలేదు వదినా. ఆవిరి మీద పెట్టాను."

"నువ్వా!" ఆవిడ అతని మొహంకేసి చూసింది. "పన్నుతో పాటు బుర్ర కూడా పీకారా ఏంటి?"

చెంచా బిళ్ళలోకి దిగింది. తిన్నగా తెగింది. పళ్ళెంలో ఏమీ రాలలేదు. మొదటి ముక్క ఆవిడ నోట్లో పెట్టి, అతను గొంతువైపే చూస్తూ నిలబడ్డాడు. దవడ నెమ్మదిగా ఆడింది. గొంతు పైకి లేచింది, కిందికి దిగింది.

"మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి."

"నువ్వు ఉత్త వెధవ్వి."

గొంతు కంగుమంది. గరగర లేదు, తడి లేదు. పుట్టి బుద్ధెరిగి ఎవరూ అతన్ని ఇంత చక్కగా తిట్టలేదు. రెండో ముక్క పెట్టాడు. మూడోది పెట్టాడు. ప్రతి ముక్కకీ ఆవిడ మాట్లాడుతూ వచ్చింది. ముందు కుట్టుపని ఆవిడ మీద నాలుగు చాడీలు చెప్పింది. ఆ తర్వాత పాత సంగతులు ఎత్తింది.

"నువ్వు మొట్టమొదట చేసిన కట్లెట్లు గుర్తున్నాయా? పన్నెండేళ్ళుంటాయి నీకు. ఏమీ కలపకుండా ఉత్త కూరగాయలు నూనెలో వేశావు. వేసినవి వేసినట్టు మాయం. మీ అన్నయ్య గరిటె పెట్టి పావుగంట వెతికారు. ‘వీడు నూనె వండాడే’ అన్నారు."

"ఆ రోజు నువ్వు నవ్వలేదు."

"ఎలా నవ్వుతాను? నువ్వు ఏడుస్తున్నావు కదా. నువ్వు పడుకున్నాక ఇద్దరం నవ్వుకున్నాం, దుప్పట్లో మొహాలు దాచుకుని."

ముప్పావుగంటలో నాలుగు బిళ్ళలు అయిపోయాయి. ఒక్కసారి కూడా పొలమారలేదు. నర్సమ్మ చెప్పిన గిన్నెడు కంటే అది ఎక్కువే. ఇన్నాళ్ళూ ఉగ్గబట్టుకున్నది ఒక్కసారిగా వదిలేసరికి అతనికి ఏం చెయ్యాలో తెలియలేదు.

"రేపు నర్సమ్మ ముందు కూడా ఇలాగే తినాలి" అన్నాడు.

"తింటాను. ఆ గొట్టం తిరుగుటపాలో పంపించెయ్." ఆవిడ కుడిచేత్తో చెంచా అందుకుని, అయిదో బిళ్ళని సరిగ్గా రెండుగా కోసింది. "ఈ సగం నాది. ఆ సగం నీది."

"నాకెందుకు? నీకోసం చేసింది కదా."

"నాలుగు నెలలుగా నేను తింటుంటే నా గొంతుకేసి దొంగని చూసినట్టు చూస్తున్నావు. ఎదురుగా ఒకడు నిలబడి గుటకలు లెక్కపెడుతుంటే ఏం తింటాం? కూర్చోరా. మనిద్దరం కలిసి తిని ఎన్నాళ్ళయిందో."

అతను కుర్చీ మీద చెయ్యి వేశాడు. అప్పుడే కిటికీ గట్టు మీది చిన్న స్టీలు గిన్నె కంటపడింది. పైన రాయగా మిగిలిన జిగురు దాని గోడలకి పట్టి ఉంది, ఎండ సూటిగా దాని మీదే పడుతోంది. వంటగదిలో బతికినవాడికి మురికి గిన్నె కళ్ళెదుట ఉండగా కూర్చోవడం రాదు.

"ఒక్క నిమిషం వదినా. ఇది కడిగేసి వస్తాను. జిగురు ఎండిందంటే ఇక గోకినా రాదు."

"నీ గిన్నె ఎక్కడికీ పారిపోదులే."

"ఇదిగో, వచ్చేస్తున్నాను."

పెరట్లో కొళాయి దగ్గర గిన్నె కడిగాడు. గిన్నెతో పాటు డబ్బా కడిగాడు, జిగురు రాసిన చెంచా కడిగాడు. ఎలాగూ వచ్చాను కదా అని మూత కూడా తోమాడు. చేతులు పని చేస్తుంటే మనసు లెక్కలు వేసుకుంటోంది. రేపు ఆరు చేయాలి. ఆదివారం బీట్‌రూటుతో చేస్తే రంగు బాగుంటుంది. ఇంకో నెలకి రెండు కిలోలు పెరిగినా చాలు. అప్పుడు ఒకచోటే ఉందామని మళ్ళీ అడగాలి. గురక అంటే, దూదులు పెట్టుకోమని చెప్పాలి. మధ్యలో ఒకసారి కొళాయి కట్టేసి చెవి ఒగ్గి విన్నాడు. గదిలోంచి దగ్గు వినిపించలేదు. హమ్మయ్య అనుకుని మళ్ళీ తిప్పాడు.

లోపలికి వచ్చేసరికి ఆవిడ తల దిండు మీదికి ఒరిగి ఉంది. కళ్ళు మూసి ఉన్నాయి.

"నిద్రపోకు వదినా. తిన్నాక అరగంట నిటారుగా కూర్చోవాలన్నారు."

తల సరిచేద్దామని బుగ్గ కింద చెయ్యి పెట్టాడు. ఆ బరువు చేతికి తెలిసిపోయింది. అతనికి తెలియడానికి ఇంకాస్త సమయం పట్టింది.

మొదట నోరు తెరిచి చూశాడు. ఏమీ లేదు. నాలుక శుభ్రంగా ఉంది, పెదాలు మామూలు రంగులోనే ఉన్నాయి. అప్పుడు కుట్టుపని ఆవిడని కేకేశాడు. ఆవిడ వీధి చివరి డాక్టరుని తీసుకొచ్చింది. డాక్టరు నాడి చూసి, గుండె మీద గొట్టం పెట్టి విని, నెమ్మదిగా తీసేశాడు. గుండె ఆగిపోయిందన్నాడు. బాధేమీ తెలిసి ఉండదన్నాడు.

"పొలమారలేదు కదండీ?"

"లేదు."

"తిన్నది అడ్డం పడలేదు కదండీ?"

"లేదయ్యా. దానికీ దీనికీ సంబంధం లేదు."

డాక్టరు వెళ్ళిపోయాడు. కబురు చెయ్యాల్సిన వాళ్ళకి ఫోన్లు చేస్తానని కుట్టుపని ఆవిడ ముందుగదిలోకి వెళ్ళింది. కబురు చెయ్యాల్సిన వాళ్ళు ఎవరున్నారని అతను ఆలోచించాడు. ఎవరూ గుర్తు రాలేదు.

అతను కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. తువ్వాలు ఇంకా ఆవిడ మెడకే ఉంది; తీసేయబుద్ధి కాలేదు. ఏడుపు వచ్చింది. పిల్లవాడిలా, వెక్కి వెక్కి, చాలాసేపు ఏడ్చాడు. ఒక్క గిన్నె. ఎండితే ఎండేది.

తర్వాత పళ్ళెంలోంచి తన సగం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. మెత్తగా, ఒకే ముద్దగా, గొంతు దిగింది. ఉప్పు బాగా తక్కువైంది. నాలుగు బిళ్ళలు తిని కూడా ఆవిడ ఆ మాట అనలేదు.

పళ్ళెంలో ఆవిడ సగం అలాగే ఉంది, చెంచా కోసిన అంచు తిన్నగా, చుట్టూ ఒక్క పలుకు రాలకుండా.